పాలు పడని పిల్లలకు పాలు అలవాటు చేసే వైద్యం: ఇంటి దగ్గర మీ వంతు పని

విశాఖపట్నంలో పిల్లల అలర్జీ విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. పాలు పడని బిడ్డకు అతి తక్కువ పాలతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటికి అలవాటు చేసే వైద్యం ఇది. డోసు అంటే ఆ రోజుకు కొలిచి ఇచ్చే పాలు. డాక్టరు గారు డోసు రాసి ఇచ్చాక దాన్ని ఇంట్లో ఎలా కొలవాలో, ఎప్పుడు ఇవ్వాలో, ఏ రోజు ఇవ్వకూడదో తల్లిదండ్రులను కూర్చోబెట్టి నేర్పడం నా పని. గాజువాక, అనకాపల్లి మొదలుకొని శ్రీకాకుళం, పాడేరు వరకు అన్ని వైపుల నుంచీ వస్తారు. వాళ్లందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి సొంతంగా మొదలుపెట్టవద్దు. ఆవుపాల అలర్జీ ఉన్న బిడ్డ నాలుక మీద 'ఒక్క చుక్క వేసి చూద్దాం' అనుకోవడం చాలా ప్రమాదం. ఆ మొదటి చుక్క ఆసుపత్రిలోనే, అన్ని మందులూ చేతికందేలా ఉన్నచోటే పడాలి.

ఈ వైద్యంలో అందరికీ డోసు పెంచే రోజంటే భయం. ఆ రోజు మేమంతా బిడ్డ పక్కనే ఉంటాం కాబట్టి నాకు ఆ భయం తక్కువ. నా దిగులంతా ఇంట్లో గడిచే మామూలు రోజుల గురించి. వారాల తరబడి హాయిగా తాగిన డోసే జ్వరం వచ్చిన రోజునో, ఖాళీ కడుపున తాగినప్పుడో, తాగగానే ఆటకు పరుగెత్తినప్పుడో ఒళ్లంతా దద్దుర్లు లేపగలదు. అందుకే సిరంజి చేతిలోకి తీసుకునే ముందు 'ఈరోజు ఇవ్వవచ్చా?' అని మిమ్మల్ని మీరు అడగాలి. ఎంత ఇవ్వాలన్నది ఆ తరువాతి సంగతి.

ముందు జబ్బేమిటో తేలాలి

'మా బాబుకు పాలు పడవు' అంటూ వచ్చే పిల్లలందరిదీ ఒకే జబ్బు కాదు. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బి విరేచనాలు కావడం అలర్జీ కిందకు రాదు. పాలు తాగిన కొన్ని గంటల తరువాత ఆగకుండా వాంతులై బిడ్డ వాడిపోవడం, పసిబిడ్డ మలంలో రక్తపు చారలు కనబడడం మరో రకం. అది అలర్జీయే, కానీ దానికి ఈ వైద్యం కాదు. మనం మాట్లాడుకునేది ఐజీఈ అనే ప్రతిరక్షకం వల్ల వచ్చే రకం గురించి. పాలు లోపలికి వెళ్లిన నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో దద్దుర్లు, పెదవులు వాయడం, వాంతి, దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. అలా జరిగినప్పుడు ముందు బిడ్డ సంగతి చూసి, వీలైతే ఒక ఫోటో తీసి ఉంచండి. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎంతసేపటికి మొదలైంది అన్నది రాసిపెట్టండి. డాక్టరుకు ఏ రక్తపరీక్ష కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

చర్మ పరీక్షలో చేతి మీద చుక్క వేసి సన్నగా గుచ్చుతారు. పావుగంట, ఇరవై నిమిషాల తరువాత 3 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ పొంగు వస్తే పాజిటివ్ అంటారు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉందని తేలిపోయినట్టు కాదు. ఏ లక్షణమూ లేకుండా పాలు తాగే పిల్లల్లో కూడా పరీక్ష పాజిటివ్ రావచ్చు. వందల పదార్థాల జాబితాతో చేసే రక్తపరీక్షలు చేయించుకుని, ఆ కాగితం చూసి బిడ్డకు సగం తిండి మాన్పించి వచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అనుమానం మిగిలితే ఆసుపత్రిలో కొద్దికొద్దిగా పాలు తాగించి చూసే పరీక్షే చివరి మాట. చర్మ పరీక్షకు ముందు కొన్ని రోజులు అలర్జీ మాత్రలు, సిరప్‌లు ఆపాలి. జలుబు సిరప్‌లలో కూడా అదే మందు ఉంటుంది, ఆ సీసా కూడా తెచ్చి చూపించండి.

ఇంకో మాట. చాలామంది పిల్లల్లో బడి ఈడు వచ్చేసరికి ఈ అలర్జీ దానంతటదే తగ్గిపోతుంది. అందుకే సాధారణంగా నాలుగైదేళ్లు దాటినా తగ్గని పిల్లలకు ఈ వైద్యం ఆలోచిస్తారు. ఉబ్బసం ఉంటే ముందు అది పూర్తిగా అదుపులోకి రావాలి, అంతవరకు మొదలుపెట్టరు. ఉబ్బసానికి పొడి రూపంలో పీల్చే మందు వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. అలాంటి కొన్ని మందుల్లో లాక్టోజ్ అనే పాల చక్కెర కలుపుతారు, అందులో పాల ప్రొటీన్ ఆనవాళ్లు ఉండవచ్చు.

కాల్చిన పాలు, పచ్చి లెక్కలు

ఆవుపాల ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్ (పాలు విరిగితే గడ్డకట్టేది), మిగతా 20 శాతం వే ప్రొటీన్లు (విరిగిన నీళ్లలో మిగిలేవి). వే ప్రొటీన్లు వేడికి రూపం మార్చుకుంటాయి, కేసీన్ వేడిని తట్టుకుంటుంది. గోధుమపిండిలో కలిపి ఓవెన్‌లో బాగా కాల్చినప్పుడు ప్రొటీన్ పిండిలో చిక్కుకుని అలర్జీ కలిగించే శక్తి తగ్గుతుంది. అందుకే పాలు తాగలేని పిల్లల్లో ఎక్కువమంది, సుమారు నలుగురిలో ముగ్గురు, పాలు పోసి కాల్చిన మఫిన్ తినగలుగుతారు. అలాంటివాళ్లకు బిస్కెట్ నుంచి మఫిన్, తరువాత పాన్‌కేక్, చీజ్, పెరుగు, చివరికి పాలు అంటూ మెట్లు ఎక్కిస్తారు. మఫిన్ కూడా పడని వాళ్లకు చుక్కల లెక్కన పాలతోనే మొదలుపెడతారు. మీ బిడ్డది ఏ దారో డాక్టరు తేలుస్తారు.

మెట్ల దారిలో మన వంటిళ్లలో ఒక చిక్కు ఉంది. పరీక్షకు వాడే మఫిన్‌ను 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట కాలుస్తారు. ఇంట్లో ఓవెన్ లేదని పాలు కలిపిన దోసె వేసి పెడతామంటారు కొందరు అమ్మలు. పెనం మీద రెండు నిమిషాలు కాలిన దోసె, ఆవిరి మీద ఉడికిన కేకు, అరగంట కాలిన మఫిన్ ఒకటి కావు. లోపల పచ్చిగా, తడిగా మిగిలిన మఫిన్ కూడా మఫిన్ లెక్కలోకి రాదు. పుల్ల గుచ్చి తీస్తే పొడిగా రావాలి. బేకరీలో కొన్నదాంట్లో ఎన్ని పాలు పోశారో మనకు తెలియదు కాబట్టి అది వద్దు. ఓవెన్ లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి, దానికి తగ్గట్టు మరో ఏర్పాటు చూస్తారు.

కొద్దికొద్దిగా తినిపించి అలర్జీ తగ్గించడమనే ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1908లో ఆల్ఫ్రెడ్ స్కోఫీల్డ్ అనే ఇంగ్లండు వైద్యుడు గుడ్డు పడని 13 ఏళ్ల అబ్బాయికి అతి సూక్ష్మమైన మోతాదులో గుడ్డు ఇస్తూ, కొన్ని నెలల్లో గుడ్డు తినగలిగేలా చేసినట్టు లాన్సెట్ పత్రికలో రాశారు. డోసుల పద్ధతి అప్పటికన్నా ఎంతో మెరుగైంది. ఓపిక మాత్రం అప్పటిలాగే కావాలి. వారానికో, రెండు వారాలకో ఒకసారి ఆసుపత్రిలో డోసు పెంచుతారు, మధ్య రోజుల్లో అదే డోసు ఇంట్లో ఇవ్వాలి. అనుకున్న మోతాదుకు చేరడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

కొలత

ప్యాకెట్ పాలు 100 మిల్లీలీటర్లలో సుమారు 3 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే 1 మిల్లీలీటరులో సుమారు 30 మిల్లీగ్రాములు. మొదటి రోజుల్లో డోసు అంతకంటే ఎంతో తక్కువ. అందుకే 1 మిల్లీలీటరు పాలను 9 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో కలిపించి, అందులోంచి కొలిచి ఇవ్వమంటారు. అప్పుడు 1 మిల్లీలీటరులో 3 మిల్లీగ్రాములే ఉంటుంది. ఇక్కడ ఒక సున్నా తేడా వస్తే డోసు పదింతలవుతుంది. కలిపిన గ్లాసుకు 'నీళ్లు కలిపినవి' అని ప్లాస్టర్ ముక్క మీద రాసి అంటించండి. పక్కన మామూలు పాల గిన్నె ఉంచవద్దు. మిగిలింది పారబోసి, మరుసటి రోజు మళ్లీ కలుపుకోండి.

చెంచాతో కొలవవద్దు. సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి తీసుకోండి. పాలను బాగా తిప్పి, సిరంజి మొన పాలలో మునిగేలా ఉంచి నెమ్మదిగా లాగండి. కంటి ఎత్తుకు తెచ్చి చూడండి. బుడగ ఉంటే ఆ బుడగ జాగాలో పాలు లేనట్టే. మొన పైకి పెట్టి వేలితో తట్టి, బుడగను పంపేసి, మళ్లీ గీత వరకు లాగండి. గీత దగ్గర చూడాల్సింది నల్ల రబ్బరు పై అంచును, కింది అంచును కాదు. ఈ ఒక్క పని నా ఎదుట చేసి చూపించేదాకా నేను ఎవరినీ ఇంటికి పంపను.

పాల రకం మార్చవద్దు. ఆసుపత్రిలో ఏ ప్యాకెట్ పాలతో మొదలుపెట్టారో ఇంట్లో కూడా అదే రకం వాడాలి. టోన్డ్ అయితే టోన్డ్. గేదెపాలలో ప్రొటీన్ ఎక్కువ, పాలవాడి దగ్గర పోయించుకునే పాలు ఏ రోజు ఎంత చిక్కగా ఉంటాయో చెప్పలేం. అన్నిటికన్నా ముఖ్యంగా, మన ఇళ్లలో పాలు కాచేటప్పుడు ఒక గ్లాసు నీళ్లు పోసే అలవాటు ఉంది. అమ్మ నీళ్లు పోసి కాచిన పాలతో డోసు ఇస్తూ ఉంటుంది. ఆమె ఊరెళ్లిన రోజున అమ్మమ్మ నీళ్లు పోయకుండా కాస్తుంది. డోసు గీత మారలేదు, లోపలున్న ప్రొటీన్ మాత్రం ఒక్కసారిగా పెరిగింది. పొయ్యి మీద అరగంట మరిగి చిక్కబడిన టీ పాలతోనూ ఇదే తంటా. కాబట్టి డోసు పాలను వేరే చిన్న గిన్నెలో, నీళ్లు కలపకుండా, ఆసుపత్రిలో చెప్పినంతసేపే కాచండి. ఆ గిన్నెను ఇంకెవరూ ముట్టకూడదు.

ఏ వేళ ఇవ్వాలి, ఏ రోజు ఆపాలి

కడుపు నిండా తిన్నాక ఇవ్వాలి. డోసు తాగాక రెండు గంటలు పరుగులు, ఈత, సైకిలు, డాన్స్ క్లాసు వద్దు. వేడినీళ్ల స్నానం కూడా ఆ సమయంలో వద్దు. నిద్రకు ముందు అసలే ఇవ్వవద్దు. నిద్రలో గొంతు వాస్తే ఎవరూ చూడరు. బడి ఉన్న పిల్లలకు చాలా ఇళ్లలో కుదిరే వేళ సాయంత్రం టిఫిన్ తిన్నాక, హోంవర్క్ ముందు పెట్టుకుని కూర్చునే సమయం. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళ్లే ఆలోచన ఉంటే ఆ రోజు డోసును మధ్యాహ్నం భోజనం తరువాతకు జరపండి. ఇసుక మీద పిల్లలను పరుగెత్తవద్దంటే ఆగరు. రెండు గంటలూ పెద్దవాళ్లెవరైనా కంటిముందు ఉండాలి. డోసు ఇచ్చేసి బిడ్డను ఒక్కణ్నే ట్యూషన్‌కు పంపవద్దు.

జ్వరం, వాంతులు, విరేచనాలు, పిల్లికూతలు, గట్టి దగ్గు ఉన్న రోజు డోసు ఇవ్వకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. నోటిలో పుండ్లు ఉన్నా, పాలపన్ను ఊడి చిగురు పచ్చిగా ఉన్నా ఫోన్ చేసి అడగండి. నొప్పికి ఐబుప్రోఫెన్ వేసి ఉంటే అదీ చెప్పండి. రాత్రంతా నిద్రలేని పెళ్లి ప్రయాణం మరుసటి రోజు కూడా ఇలాంటిదే, అలసట కూడా ఒంటిని మారుస్తుంది. ఆపిన తరువాత 'రెండు డోసులూ కలిపి ఇచ్చేద్దాం' అనుకోకండి. ఒకరోజు తప్పితే ఏం చేయాలి, మూడు రోజులైతే ఏం చేయాలి, వారమైతే ఏం చేయాలి అన్నది మీ డాక్టరు చేత ముందుగానే కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. కొన్ని రోజుల విరామం వస్తే డోసు తగ్గించి ఆసుపత్రిలోనే మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. విసుగు వస్తుంది, నాకు తెలుసు. అయినా ఆ జాగ్రత్త తప్పదు.

తేడా చేస్తే

నోట్లో దురద, పెదవి చుట్టూ నాలుగు దద్దుర్లు, కొంచెం కడుపునొప్పి. ఇవి చాలామందికి వస్తాయి. డాక్టరు రాసి ఇచ్చిన అలర్జీ మందు వేసి, కదలనివ్వకుండా కూర్చోబెట్టి గమనించండి, నోట్‌బుక్‌లో రాయండి, మరుసటి డోసుకు ముందు మాకు చెప్పండి.

గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఊపిరి కష్టం కావడం, నాలుక వాయడం, మగతగా వాలిపోవడం, దద్దుర్లతో పాటు వాంతి మీద వాంతి కావడం. వీటికి మందు అడ్రినలిన్ ఇంజెక్షనే. అలర్జీ సిరప్ తాగించి ఎదురు చూడవద్దు. మందు సిరంజిలో నింపి సిద్ధంగా ఉండే పెన్ను లాంటి పరికరాలు మన దగ్గర తేలిగ్గా దొరకవు. అందుకే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే చిన్న గాజు ఆంపుల్, 1 మిల్లీలీటరు సిరంజి, సూది ఇచ్చి నేర్పుతాం. మోతాదు బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము, పిల్లలకు 0.3 మిల్లీగ్రాములు మించకుండా. 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీగ్రాము, అంటే 0.2 మిల్లీలీటరు. మీ బిడ్డకు ఎంతో డాక్టరు రాసిన అంకెను డబ్బా మూత మీద పెద్దగా రాసి ఉంచండి. బిడ్డ బరువు పెరిగినప్పుడల్లా మార్పించండి. తొడకు బయటి వైపు, మధ్యభాగంలో, కండలోకి ఇవ్వాలి. అవసరమైతే బట్టల మీదుగా కూడా ఇవ్వవచ్చు.

ఇచ్చాక బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తు మీద పెట్టండి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టండి. లేపి నడిపించవద్దు, ఎత్తుకుని మెట్లు దిగుతూ పరుగెత్తవద్దు. 108కు ఫోన్ చేయండి. 5 నిమిషాల్లో తగ్గకపోతే రెండో డోసు ఇవ్వాలి, అందుకే డబ్బాలో ఎప్పుడూ రెండు ఆంపుల్‌లు ఉండాలి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెట్టవచ్చు. నీళ్లు నింపిన సిరంజితో దిండు మీద సాధన చేయండి. నాన్న, అమ్మమ్మ, ఇంట్లో ఉండే బాబాయి కూడా చేయాలి. ఆ క్షణంలో ఎవరు పక్కన ఉంటారో తెలియదు కదా. మన ఎండలకు స్కూటర్ డిక్కీలో, కారులో అడ్రినలిన్ ఉంచితే పాడవుతుంది. వెలుతురు తగలని చోట, వేడికి దూరంగా ఉంచండి. రంగు మారితే పారేయండి. గడువు తేదీని ఫోనులో గుర్తు పెట్టుకోండి.

అరకు, పాడేరు వైపు ఘాట్ రోడ్ల మీద ఉండేవాళ్లతో నేను ఒక సంగతి దాచకుండా మాట్లాడతాను. మీ ఇంటికి అంబులెన్స్ రావడానికి ఎంతసేపు పడుతుందో డాక్టరుకు నిజం చెప్పండి. డోసు పెంచే కాలంలో నగరంలో బంధువుల ఇంట్లో ఉండే వీలుంటే మంచిది. లేకపోతే పెంచే వేగం తగ్గిస్తారు, లేదా కొంతకాలం ఆగమంటారు. ఆగడం కూడా వైద్యంలో భాగమే.

డోసు కాకుండా లోపలికి వెళ్లే పాలు

వైద్యం నడుస్తున్నప్పుడు కూడా డోసు తప్ప మిగతా పాల పదార్థాలన్నీ మానాలి. పెరుగు, మజ్జిగ, పనీర్, కోవా స్వీట్లు మానాలంటే అందరూ ఒప్పుకుంటారు. నెయ్యి దగ్గరే ఇంట్లో గొడవలు. నెయ్యిలో ఉండేది కొవ్వే అయినా పాల ప్రొటీన్ కాస్త మిగిలే ఉంటుంది, ఇంట్లో వెన్న కాచిన నెయ్యిలో మరీను. పప్పన్నంలో నెయ్యి లేకుండా మనవడికి ఎలా పెట్టమంటారని కళ్లనీళ్లు పెట్టుకున్న నాయనమ్మలు ఉన్నారు. వాళ్లను డాక్టరు దగ్గరకు ఒకసారి వెంట తీసుకురండి, నేరుగా వింటే ఒప్పుకుంటారు. నువ్వుల నూనె చుక్క వేసి కలిపిన పప్పన్నం కూడా కమ్మగానే ఉంటుంది, నువ్వులు పడే పిల్లలైతే. ప్రసాదం లడ్డూ, మాడుగుల హల్వా, పెళ్లి భోజనంలో కూరలు, అన్నింటిలోనూ నెయ్యి అవకాశం ఉంది.

మేకపాలు ఇవ్వవచ్చా అని ప్రతివారూ అడుగుతారు. వద్దు. ఆవుపాల అలర్జీ ఉన్నవాళ్లలో అత్యధికులకు మేకపాలు, గేదెపాలు కూడా పడవు, ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయి. వీధిలో అమ్మే గాడిద పాలు పచ్చివి పట్టించడం కూడా మానండి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే శాకాహారమని మాత్రమే అర్థం, పాలు లేవని కాదు. అలర్జీ కలిగించే పదార్థాల వివరంలో పాలు ఉంటే రాయాలని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. దానితో పాటు కేసీన్, కేసీనేట్, వే పొడి, పాల ఘనపదార్థాలు అన్న మాటల కోసం చూడండి. పాలు మానిన పిల్లలకు కాల్షియం ఎక్కడిదంటే రాగి సంకటి, నువ్వులు, ఆకుకూరలు, పడేవాళ్లకు ముల్లుతో సహా తినే నెత్తళ్లు. సరిపోతుందో లేదో బరువు, ఎత్తు చూసి డాక్టరు చెబుతారు.

ఎక్కడిదాకా

చివరికి చేరే మోతాదు కొందరికి గ్లాసు పాలు, కొందరికి పొరపాటున ఒక ముద్ద పెరుగన్నం తిన్నా ప్రాణం మీదికి రానంత. రెండూ మంచి ఫలితాలే. చేరాక కూడా రోజూ తాగాలి. చాలామందిలో ఈ ఓర్పు తాగుతున్నంతకాలమే ఉంటుంది, కొన్ని వారాలు మానేస్తే పోవచ్చు. అలర్జీ పూర్తిగా పోయిందని డాక్టరు పరీక్షించి చెప్పేవరకు అడ్రినలిన్ డబ్బా కూడా ఉండాల్సిందే.

అందరికీ ఈ వైద్యం సరిపడదు. కడుపునొప్పి, వాంతులు వారాల తరబడి తగ్గకపోయినా, ముద్ద గొంతులో దిగడం లేదని బిడ్డ అన్నా, తినడానికి భయపడుతున్నా చెప్పండి. కొద్దిమందిలో అన్నవాహికలో అలర్జీ వాపు మొదలవుతుంది, అప్పుడు పాలు ఆపాల్సి ఉంటుంది. ఆపితే తల్లులు తమ తప్పేనని కుమిలిపోతారు. తప్పు ఎవరిదీ కాదు. పాలు మానేసి జాగ్రత్తగా పెరిగే దారి ఎప్పుడూ ఉంది, ఏడాదో రెండేళ్లో ఆగి మళ్లీ ప్రయత్నించవచ్చు.

వైద్యం మధ్యలో ఊరు మారాల్సి వస్తే, పాత ఆసుపత్రిలో చివరి డోసు వేసుకోకముందే కొత్త ఊళ్లో డాక్టరును చూసుకోండి. డోసు నోట్‌బుక్, చర్మ పరీక్ష కాగితాలు, వాడుతున్న పాల ప్యాకెట్ ఖాళీ కవరు తీసుకెళ్లండి. కవరు మీద ప్రొటీన్ అంకె ఉంటుంది కాబట్టి అక్కడ దొరికే పాలతో డోసు లెక్క వాళ్లే సరిచేస్తారు. ఆ లెక్క తేలేదాకా డోసు ఇవ్వవద్దు.